పూరికి ఇద్దరు కావాలి

ఇడ్లీ ఆగుతుంది. పాత్ర మూత తియ్యకుండా ఉంచితే అరగంట తర్వాత కూడా ఇడ్లీ ఇడ్లీలాగే ఉంటుంది. ఉప్మా గట్టిపడినా కాస్త నెయ్యి వేసి కలిపితే దారికొస్తుంది. అన్నం సంగతి చెప్పనే అక్కర్లేదు, రాత్రి మిగిలింది పొద్దున్నకి చద్దన్నమో పులిహోరో అవుతుంది. పూరి ఒక్కటే ఆగదు. నూనెలోంచి తీసి కంచంలో వేశాక మహా అయితే ఒకటి రెండు నిమిషాలు గుండ్రంగా నిలబడుతుంది. ఆలోపు దాన్ని వేలితో పొడిచి, ఆవిరి మొహానికి తగులుతుంటే పల్చటి పైపొర చింపి కూరలో అద్దుకుని నోట్లో పెట్టుకోవాలి. ఆ తర్వాత తిన్నదీ పూరే, కాదనను. కానీ దానికోసం ఎవరూ మూకుడు పెట్టి అంత నూనె పొయ్యరు.

ఇంట్లో పూరీలు చేసుకోవడం గురించి మాట వస్తే అందరం పిండి గురించి, పొంగడం గురించి చెప్పుకుంటాం. నేనూ చెబుతాను, అది తెలియకపోతే మిగతాది అర్థం కాదు. అయితే నన్ను ఎన్నాళ్లుగానో తొలుస్తున్న ప్రశ్న ఆ రెండు నిమిషాల గురించి. పొంగిన పూరి ఎవరి కంచంలో పడుతోంది? పొయ్యి దగ్గర నిలబడ్డ మనిషి ఎప్పుడు తింటోంది, ఏది తింటోంది?

ముందు పిండి. చపాతీ పిండి ఎంత మెత్తగా ఉంటే అంత మంచిది. పూరి పిండి గట్టిగా ఉండాలి. వేలితో నొక్కితే గుంట పడాలి, వేలికి అంటుకోకూడదు. రెండు కప్పుల గోధుమ పిండికి అర కప్పు నీళ్లు, ఆపైన కావాలంటే చేతి తడి. రెండు చెంచాల బొంబాయి రవ్వ కలిపితే పొర కాస్త బిరుసెక్కి పూరి ఇంకొంచెం సేపు నిలబడుతుంది. చిటికెడు పంచదార రంగు కోసం. ఉప్పు, ఒక చెంచా నూనె. తడిపి, గుడ్డ కప్పి, పావుగంటో ఇరవై నిమిషాలో వదిలేస్తే చాలు. గంటల తరబడి నానితే పిండి సడలిపోతుంది, సడలిన పిండి నూనె తాగుతుంది. వత్తేటప్పుడు పీట మీద పొడి పిండి చల్లకూడదు. చల్లిన పొడంతా నూనెలో రాలి, అడుగున మాడి, నాలుగో వాయికల్లా పూరీల మీద నల్లచుక్కలై తేలుతుంది. పీటకీ కర్రకీ నూనె చుక్క రాసుకుంటే సరిపోతుంది. అంచూ నడుమా ఒకే మందంలో ఉండాలి. ఒకవైపు మందమై ఇంకోవైపు పల్చబడితే పల్చటి వైపు మాత్రమే లేచి, రెండోవైపు అలాగే పడుకుంటుంది. చూడ్డానికి గుండ్రంగా రాకపోయినా నష్టం లేదు. గుండ్రదనం కంటికి, మందం పూరికి.

ఇక పొంగడం. పూరిని పొంగించేది మనం పిండిలో పోసిన ఆ అర కప్పు నీళ్లే. నూనె 180 డిగ్రీల సెల్సియస్ చుట్టుపక్కల ఉన్నప్పుడు పచ్చి పూరిని అంచు మీంచి జార్చితే ముందు అది అడుగుకి మునుగుతుంది. చుట్టూ సన్నటి బుడగలు లేస్తాయి. రెండు మూడు క్షణాల్లో పైకి తేలుతుంది. ఆ కాసేపట్లోనే పైనా కిందా రెండు పొరలు తయారైపోతాయి. గోధుమలోని గంజి 60 డిగ్రీలు దాటితే నీళ్లు పీల్చుకుని ఉబ్బి దగ్గరపడుతుంది. గ్లూటెన్ అనే మాంసకృత్తు పిండి కలిపినప్పుడే సాగే అల్లికగా మారి ఉంటుంది, వేడికి అది బిగుస్తుంది. నడుమ చిక్కుకున్న నీళ్లు 100 డిగ్రీల దగ్గర ఆవిరవుతాయి. నీళ్లు ఆవిరైతే వాటికి సుమారు 1,600 రెట్లు ఎక్కువ చోటు కావాలి. బయటికి దారి లేదు కాబట్టి ఆవిరి రెండు పొరల్నీ విడదీసి పైపొరని లేపేస్తుంది. చిల్లుల గరిటెతో మెల్లగా అదమడమూ, వేడి నూనె పైన చిమ్మడమూ ఇందుకే. తేలుతున్న వైపు కూడా వేడి తగిలి పొర కడితే తప్ప ఆవిరి లోపల నిలవదు. ఎక్కడైనా చిన్న చిల్లు పడిందా, ఆవిరంతా అందులోంచి పోతుంది, ఆ పూరి ఇక లేవదు.

బయటికి తీశాక జరిగేది కూడా అదే నీళ్ల పని. వేడి తగ్గేకొద్దీ ఆవిరి మళ్లీ నీళ్లవుతుంది, ఆ నీళ్లని పొరలు పీల్చుకుంటాయి. అణిగిపోయిన పూరి మెత్తబడి సాగేది ఆ తడి వల్లే. దాన్ని మళ్లీ నూనెలో వేసినా, పెనం మీద వేడి చేసినా మొదటి పొంగు రాదు. ఇడ్లీని మళ్లీ ఆవిరి పట్టొచ్చు, అన్నాన్ని తిరగమోత పెట్టొచ్చు. పూరికి రెండో అవకాశం లేదు.

ఇంత తక్కువ గడువున్న వంటని ఒక్కరే చెయ్యడం కష్టం. ప్రయత్నించినవాళ్లకి తెలుసు. ముందే అన్నీ వత్తి పరుచుకుంటే మొదట వత్తినవి ఆరి, అంచులు పగుళ్లిచ్చి, నూనెలో అప్పడాల్లా తేలతాయి. ఒకదాని మీద ఒకటి పెడితే అంటుకుంటాయి. పోనీ ఒకటి వత్తి ఒకటి వేద్దామంటే వత్తే లోపల నూనె పొగలెక్కుతుంది, మంట తగ్గిస్తే చల్లారుతుంది. చల్లారిన నూనెలో వేసిన పూరి ఆవిరి పుట్టక ముందే నూనెలో నానుతుంది. పైగా పిండి చేత్తో గరిటె, గరిటె పట్టిన చేత్తో పిండి. అందుకే మన ఇళ్లలో పూరి మొదటినుంచీ ఇద్దరి వంట. ఒకరు పీట ముందు, ఒకరు మూకుడు ముందు. వత్తే వేగం, వేసే వేగం కుదిరాక ఇక ఆగకుండా నడుస్తుంది.

ఇద్దరి వంట అన్నాను కానీ ఆ ఇద్దరూ చాలా ఇళ్లలో ఆడవాళ్లే. మా పుట్టింట్లో అమ్మ వేసేది, అక్క వత్తేది. నాన్న, తమ్ముడు, నేను కంచాల ముందు. ఒక్కొక్కటే వచ్చి పడుతుంటే, ఎవరిది ఎక్కువ పొంగిందో చూసుకుంటూ తినేవాళ్లం. చిల్లు పడి పొంగనివీ, మడతపడినవీ అమ్మ ఒక పక్కన పళ్లెంలో వేసుకునేది. అందరి తినడాలూ అయ్యాక, పొయ్యి కట్టేసి, మూకుడు దించి, గిన్నె అడుగున మిగిలిన కూర గరిటెతో గీకి ఆ పళ్లెం ముందు కూర్చునేది. ఆవిడ ఎప్పుడూ ఏమీ అనలేదు. మేమూ ఎప్పుడూ ఏమీ అడగలేదు. ఇల్లంటే అలాగే ఉంటుందనుకున్నాం.

అలా ఉండక్కర్లేదని నాకు చూపించింది మా అత్తగారు. తెనాలి దగ్గర పల్లె వాళ్లది. శనివారాలు వెంకటేశ్వరస్వామి కోసం ఒంటిపూట, పగలు అన్నం, రాత్రికి ఫలహారం. ఆ ఫలహారం ఎక్కువసార్లు పూరీలే. పీట మీద కూర్చుని కర్ర పట్టేది మా మామగారు. ఎకరాలు దున్నిన చేతులు, అయినా కర్ర ఆయన చేతిలో ఎంత తేలిగ్గా తిరిగేదంటే ఉండని రెండుసార్లు తిప్పేలోపు పూరి తయారయ్యేది. అత్తగారు మూకుడు దగ్గర. గోరంత పిండి చిదిమి నూనెలో వేసేది. అది అడుగున కూర్చుంటే ఇంకాసేపు ఆగేది. వేసిన వెంటనే తేలితే సరే. తేలి క్షణంలో ఎర్రబడితే మంట తగ్గించేది. పూరిని పై నుంచి వెయ్యకుండా మూకుడు గోడని ఆనించి జార్చేది. గరిటె వెనక వైపుతో నడినెత్తిన ఒక్కసారి అదిమి వదిలేది. ఒత్తి పట్టుకునేది కాదు. "పట్టుకుంటే ఎలా లేస్తుందమ్మా, వదిలితే కదా" అనేది.

పళ్లెంలో ఉండలు సగానికి వచ్చేసరికి ఆవిడ మంట తగ్గించి, గరిటె నా చేతికిచ్చి, "అమ్మాయ్, ఇక నువ్వు వెయ్యి. నేను తింటా" అని వంటింటి గుమ్మం దగ్గర కంచం పెట్టుకుని కూర్చునేది. మామగారి చేతిలోంచి కర్ర మా ఆయన తీసుకునేవారు. ఆ ఇంట్లో అది పద్ధతి, చర్చ ఉండేది కాదు. కొత్తలో నేను మొహమాటపడి మొదట తీసినదాన్నే ఆవిడ కంచంలో వేశాను. అది సగమే పొంగింది. ఆవిడ దాన్ని ఎత్తి పక్కన పెట్టి, "ఇది పిల్లాడికియ్యి. నాకు పొంగింది వెయ్యి" అంది. కోపం లేదు, హాస్యం లేదు. తనకి ఏం కావాలో చెప్పింది. ఇంట్లో ఇంత మందికి ఇన్నేళ్లు వండిపెట్టిన మనిషి నాకు మంచిది వెయ్యి అని నోరు తెరిచి అడగడం నేను అదే మొదటిసారి వినడం. తర్వాతది బంతిలా లేచింది. ఆవిడ రెండు వేళ్లతో నొక్కి, ఆవిరి పోనిచ్చి, పైపొర ముందు తిని, అడుగుపొరలో కూర పెట్టుకుని తింది. మూడు తిని లేచి చెయ్యి కడుక్కుంది.

పూరికి మన ఇళ్లలో ఇంత విలువ ఉండటానికి ఇంకో కారణం కూడా ఉంది. కోస్తా జిల్లాలకి గోధుమ పరాయి ధాన్యం. దానికి చలి కావాలి, మా కృష్ణా డెల్టాలో అంత చలి ఎక్కడిది? వరి పండింది, అన్నం తిన్నాం. తెలంగాణలో, రాయలసీమలో జొన్నరొట్టె ఉండేది. జొన్నలో గ్లూటెన్ లేకపోయినా మరిగే నీళ్లతో తడిపి అరచేత్తో కొట్టిన రొట్టె పెనం మీద చక్కగా పొంగుతుంది, ఆ నేర్పు వేరు. కోస్తా మధ్యతరగతి ఇంట్లోకి గోధుమలు బాగా వచ్చింది కరువు రోజుల్లో, రేషను దారిన. 1956లో అమెరికాతో పీఎల్-480 అనే ఆహార సాయ చట్టం కింద ఒప్పందం కుదిరాక ఓడల్లో గోధుమలు దిగాయి. 1965లో భారత ఆహార సంస్థ ఏర్పడింది. మెక్సికో నుంచి వచ్చిన పొట్టి రకాలతో పంజాబులో దిగుబడి పెరిగి, 1968లో గోధుమ విప్లవం పేరిట తపాలా బిళ్ల కూడా విడుదలైంది. మామగారు చెప్పేవారు, కార్డు మీద వచ్చిన గోధుమలు ఎండబెట్టి, రాళ్లు ఏరి, సంచిలో పోసుకుని మరకి వెళ్లేవాళ్లమని. ఆ పిండితో ఏం చెయ్యాలో మొదట్లో ఎవరికీ సరిగ్గా తెలియదట. చపాతీ రోగులకి డాక్టరు చెప్పే తిండి. పూరి మాత్రం హోటల్లో తిని వచ్చిన రుచి. అందుకని ఇంట్లో చేసుకోవడం నేర్చుకున్నారు. బంగాళాదుంపలు ఉడికించి చేత్తో చిదిమి, నిలువుగా తరిగిన ఉల్లిపాయలు, పచ్చిమిర్చి, అల్లం, పసుపు వేసి, చివర్లో శనగపిండి కలిపిన నీళ్లు పోసి దగ్గరికి ఉడికించే కూర దానికి జతపడింది. ఆ శనగపిండి లేకపోతే మనవాళ్లకి అది పూరి కూరే కాదు.

బెంగాలీల లుచి దీని చుట్టమే. ఖరగ్‌పూర్ రైల్వే కాలనీలో పెరిగిన మా పిన్ని రెండూ చేస్తుంది. లుచి మైదాతో చేస్తారు, తెల్లగా ఉండగానే తీసెయ్యాలి, ఎర్రబడితే వాళ్లకి నచ్చదు. మనకి ఎర్రబడకపోతే నచ్చదు. గడువు మాత్రం రెండింటికీ ఒక్కటే.

అణిగిపోయిన పూరికీ ఒక చోటుందని నేను ఒప్పుకుంటాను. ప్రయాణం. కాశీకో ఢిల్లీకో బయల్దేరే రోజు తెల్లవారుజామున లేచి, పిండి నీళ్లకి బదులు పాలతో తడిపి, చిన్నచిన్న పూరీలు వేయించి, చల్లారాక దొంతరగా పేర్చి అరిటాకులో చుట్టేవాళ్లు. పాలతో తడిపినవి మర్నాటికి కూడా గట్టిపడవు. కూర కూడా నీళ్లు లేకుండా ముద్దగా వేపేవాళ్లు, లేదా ఆవకాయ సీసా. బల్లార్షా దాటాక సీటు మీద కాగితం పరుచుకుని విప్పితే ఆకు వాసన, నూనె వాసన కలిసి వచ్చేవి. ఆ పూరి నాకు చాలా ఇష్టం. అందులో పొంగు లేదు. కానీ చేసిన మనిషి కూడా అందరితో పాటు అదే బెంచీ మీద కూర్చుని, అందరూ తిన్నదే, అందరూ తింటున్నప్పుడే తింటుంది. మా అమ్మ పూరీలు మాతో కలిసి కూర్చుని తినడం నేను రైల్లోనే చూశాను.

ఇప్పుడు ఇళ్లలో మనుషులు తగ్గారు. వత్తడానికి పూరీ ప్రెస్ వచ్చింది. రెండు పలకల మధ్య ఉండ పెట్టి నొక్కితే ఒకే మందంలో పూరి వస్తుంది. నాకు దాని మీద ఏ అభ్యంతరమూ లేదు. మందం సరిగ్గా రావడమే ముఖ్యం, అది కర్రతో వచ్చిందా పలకతో వచ్చిందా నూనెకి పట్టదు. ఒంటరిగా ఉండేవాళ్లకి అది నిజంగా మేలు చేసింది. డాలస్‌లో ఉన్న మా ఆడపడుచు అయితే నూనె పొగకి ఇంట్లో అలారం మోగుతుందని పెరట్లో గ్యాస్ పొయ్యి పెట్టుకుని అక్కడే వేస్తుంది. ఆదివారం నాలుగు కుటుంబాలు కలిస్తే పెరట్లోనే నిలబడి తినేస్తారు. లోపలికి మోసుకెళ్లే వ్యవధి కూడా లేదు కాబట్టి అదీ మంచిదే అయింది.

కానీ ప్రెస్ వత్తే పనిని తీర్చింది గానీ తినే వరసని తీర్చలేదు. ఒక్కరే నొక్కి, ఒక్కరే వేసి, అందరికీ వడ్డించే ఇల్లు ఇప్పుడు ఇంకా ఎక్కువైంది. వంటింటికీ భోజనాల బల్లకీ మధ్య గోడ లేకపోయినా బల్ల దగ్గరున్నవాళ్లు లేవట్లేదు. "ఇంకో రెండు తీసుకురా" అన్న కేక మాత్రం వినిపిస్తోంది. ఇది ప్రేమ లేక జరుగుతున్నది కాదని నాకు తెలుసు. ఆగని వంటకం ముందు ఎవరో ఒకరు ఆగాలి. ఆ ఒకరు ఎవరన్నది ఎవరూ నిర్ణయించకుండానే ఎప్పుడో నిర్ణయమైపోయింది. దాన్ని మనం మార్చొచ్చు, మార్చాలి కూడా.

నూనె గురించి భయపడేవాళ్లకి ఒక మాట. సరైన వేడిలో వేసిన పూరిలోంచి ఆవిరి బయటికి తోసుకొస్తున్నంత సేపు నూనె లోపలికి పెద్దగా వెళ్లలేదు. తాగేది చల్లటి నూనెలో వేసిన పూరి. వేయించగా మిగిలిన నూనెని వడకట్టి ఆ రెండు రోజుల్లో కూరలకి వాడెయ్యండి, మళ్లీ మళ్లీ మరిగించకండి. నూనె పదే పదే కాగితే పుట్టే పోలార్ పదార్థాలు అందులో 25 శాతం దాటితే వాడకూడదని ఆహార భద్రతా సంస్థ 2018 జులై నుంచి నియమం పెట్టింది. ఇంట్లో ఆ కొలత ఎవరం తియ్యలేం. రంగు ముదిరి, జిడ్డుగా సాగి, పైన నురగ కడితే పారెయ్యాల్సిందే. పూరి రోజూ తినే తిండి కాదు. ఎప్పుడో ఒకసారి చేసుకునేది, సరిగ్గా చేసుకుందాం.

ఈసారి మీ ఇంట్లో పూరీలు చేసేరోజున ఉండలన్నీ చేసి పళ్లెంలో పెట్టాక ఒకసారి లెక్కపెట్టుకోండి. సగం అవగానే మంట తగ్గించి చేతులు మారండి. అప్పటిదాకా తిన్నవాళ్లు లేచి గరిటె పట్టుకోవాలి, అప్పటిదాకా నిలబడ్డవాళ్లు కంచం ముందు కూర్చోవాలి. వెయ్యడం రాదంటే కుదరదు. ఒకటి రెండు వాయిలు చెడితే వచ్చేస్తుంది, చెడినవి వేసినవాళ్లే తినాలి. నూనె చిందుతుందని భయమైతే మూకుడు గోడని ఆనించి జార్చమని చెప్పండి. కూర్చున్న మనిషికి పొంగినవే వెయ్యండి, వేసిన వెంటనే తినమనండి, చాలన్నా ఇంకొకటి వెయ్యండి. మొదటి వంతు వాళ్లు మొదలుపెట్టకముందే కూర సగం తీసి పక్కన పెట్టి మూత పెట్టండి. పూరీలు ఎంత లెక్కగా చేసినా, కూర మాత్రం ఎప్పుడూ చివరివాళ్లకి చాలదు.